కొలిమి లేని కమ్మరులు

ఆదివారం పొద్దున్నే రేడియో పెట్టుకుని కొందరు దోసెలు వేస్తుంటారు, కొందరు పిల్లల్ని సంగీతం క్లాసుకి దింపడానికి కార్లో వెళ్తుంటారు. ఆ కార్లలో వెనక సీట్లో ఫోను పట్టుకుని ఆట ఆడుతున్న పిల్లలుంటే ఈవేళ్టి ప్రసంగం వాళ్ళ గురించే. అంటే వాళ్ళని తిట్టడానికి కాదు. వాళ్ళు ఆడే ఆటల్లో ఒక పని ఉంటుంది, కమ్మరి పని. అది ఆటల్లోకి ఎప్పుడొచ్చింది, ఎలా మారింది అన్నది చెబుదామని వచ్చాను. నేను చరిత్రకారుణ్ణి కాను. కంప్యూటర్ కన్సల్టెంటుని. కాకపోతే ఈ విషయంలో నాకు రెండు వైపులా చుట్టరికం ఉంది. ఆ సంగతి తర్వాత.

మొన్న వేసవి సెలవుల్లో మా వాడు (పన్నెండేళ్ళు) హాల్లో కూర్చుని "నాన్నా, నేను బ్లాక్‌స్మిత్ లెవెల్ డెబ్భైకి వచ్చాను" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి "లెక్కల్లో ఏ లెవెల్‌కి వచ్చావో అది చెప్పు ముందు" అంది. మామూలుగా ప్రతి ఇంట్లో జరిగే సంభాషణే. నేను మాత్రం వాణ్ణి "ఇనుము ఎలా చేశావు?" అని అడిగాను. వాడు నా వంక జాలిగా చూసి, "క్లిక్ చేస్తే అవుతుంది" అన్నాడు.

క్లిక్ చేస్తే అవడం మొదటినుంచీ లేదండీ. పాతకాలం ఆటల్లో కత్తి అంటే దొరికేది, లేదా కొనుక్కునేది. రాక్షసుణ్ణి చంపితే వాడి దగ్గరో, అంగట్లోనో. దాన్ని ఎవరు చేశారన్న ప్రశ్నే లేదు. 1992లో అల్టిమా 7 అనే ఆట వచ్చింది. అందులో పిండి కలిపి, పొయ్యిలో పెట్టి, రొట్టె చేసుకోవచ్చు. అదే ఏడాది దానికి అనుబంధంగా వచ్చిన భాగంలో తిత్తి కొట్టి, ఇనుమును ఎర్రగా కాల్చి, దాగలి మీద కొట్టి, నీళ్ళలో ముంచి కత్తి చెయ్యాలి. కథలో ఒక్కసారి చేసే పని అది. దాన్ని ఒక బతుకుతెరువుగా మార్చింది మాత్రం 1997 సెప్టెంబరులో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్. చేసినవాళ్ళు మన టెక్సస్ వాళ్ళే, ఆస్టిన్‌లో ఉండే ఆరిజిన్ సిస్టమ్స్ అనే సంస్థ.

వేలాది మంది ఒకే లోకంలో, ఒకే సమయంలో ఆడే ఆట అది. అందులో నువ్వు వీరుడివే కానక్కర్లేదు. గునపం పట్టుకుని కొండకి వెళ్ళి ఖనిజం తవ్వుకోవచ్చు. కొలిమి దగ్గరికి తెచ్చి కరిగించి కడ్డీలు చేసుకోవచ్చు. ఆ కడ్డీలతో కత్తులూ కవచాలూ చెయ్యొచ్చు. నైపుణ్యం సున్నా నుంచి వంద దాకా ఉండేది. వంద వస్తే గ్రాండ్‌మాస్టర్. వందకి చేరినవాడు చేసిన మేలురకం కత్తి మీద వాడి పేరు పడేది. ఎవరు ఎక్కడ ఎవరికి అమ్మినా ఆ పేరు దాంతోనే ఉండేది. వస్తువులు వాడగా వాడగా అరిగిపోయేవి. మరమ్మతుకి మళ్ళీ కమ్మరి దగ్గరికే రావాలి. తన కవచం ఇంకొకడి చేతికిచ్చి, వాడు తిరిగి ఇస్తాడన్న నమ్మకంతో పక్కన నిలబడాలి. దొంగతనం చెల్లే లోకంలో అది చిన్న విషయం కాదు. కాబట్టి మంచి పనివాడనే కాదు, మంచి మనిషని కూడా పేరుండాలి. మా ఊళ్ళో కొలిమి కూడా సరిగ్గా ఇలాగే నడిచేది!

ఒక చిక్కు మాత్రం వచ్చింది, అది ఇప్పటికీ తెగలేదు. ఆటలో చేస్తేనే నైపుణ్యం పెరుగుతుంది. ఎవరికీ అక్కర్లేకపోయినా చెయ్యాలి. దాంతో జనం కుప్పలు కుప్పలుగా పనికిరాని వస్తువులు చేసి, ఆటలో కంప్యూటర్ నడిపే అంగళ్ళకి అమ్మేసేవారు. మొదట్లో ఆ లోకంలో ఉండే మొత్తం ముడిసరుకుకి ఒక హద్దు పెట్టారు. వాడినది తిరిగి నేలలోకి చేరి మళ్ళీ పుట్టాలన్నది ఆలోచన. జనం వస్తువులు దాచుకోవడం మొదలుపెట్టేసరికి గనుల్లో పుట్టడానికి సరుకు లేకుండా పోయింది. చివరికి ఆ పద్ధతే వదిలేశారు. ఎకనామిక్స్ చదివేవాళ్ళకి మంచి పాఠం.

ఇదే చిక్కు పద్నాలుగేళ్ళ తర్వాత స్కైరిమ్‌లో మళ్ళీ వచ్చింది. 2011 నవంబరులో వచ్చిన ఆ ఆటలో ఒక ఇనుప కడ్డీ, ఒక తోలు ముక్క ఉంటే ఒక చిన్న బాకు అవుతుంది. వందలకొద్దీ బాకులు చేస్తూ కూర్చుంటే మహా కమ్మరివి అయిపోతావు. అందరూ అదే చేశారు. 2012లో లెక్క మార్చారు, వస్తువు విలువని బట్టి అనుభవం వచ్చేలా. అప్పుడు జనం బాకులు మాని బంగారు ఉంగరాలు చెయ్యడం మొదలుపెట్టారు.

స్కైరిమ్‌లో ఇంకో తమాషా ఉంది. అందులో ఉక్కు కావాలంటే ఇనుప ఖనిజంతో పాటు కొరండం అనే ఖనిజం కలపాలి. కొరండం అంటే మన కురువిందం. ఆ ఇంగ్లీషు పేరు మన దక్షిణాది భాషల మాట నుంచే వెళ్ళింది. కెంపులూ నీలాలూ ఆ జాతివే. అది అల్యూమినియం ఆక్సైడ్, ఉక్కుతో దానికేమీ సంబంధం లేదు. ఉక్కుకి కావలసింది బొగ్గులోని కార్బన్. ఆట రాసినవాళ్ళు తప్పు చేశారని నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది, సరిగ్గా ఇలాంటి పొరపాటే 1819లో మైకేల్ ఫారడే అంతటివాడు చేశాడని. ఆయన భారతదేశపు ఉక్కుని పరీక్షించి, దాని గొప్పతనానికి అందులోని అల్యూమినా కారణం కావచ్చన్నాడు. అన్నట్టు ఫారడే నాన్నగారు కూడా కమ్మరే.

ఫారడే చేతిలో ఉన్న ఆ ఉక్కు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆటల్లో మనం చూసే అలలు తేలే డమాస్కస్ కత్తుల మూలం అక్కడుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఊట్జ్ అన్నారు. తెలుగులోనూ కన్నడంలోనూ ఉన్న ఉక్కు అన్న మాటే అలా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో దాని మీద వ్యాసం చదివాడు. అది తయారైన చోట్లలో మన నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రం ఒకటి. గోల్కొండ నుంచి ఈ ఉక్కు పర్షియాకి వెళ్తుందని ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే పదిహేడో శతాబ్దంలోనే రాశాడు. 1820లో హెన్రీ వాయ్సీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రం తెలిసినవాడు, సర్వే బృందంతో తిరుగుతూ కోనసముద్రం వెళ్ళాడు. ఆయన రాసింది 1832లో, అంటే ఆయన పోయాక, కలకత్తాలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుము కలిపి, మట్టి మూసల్లో పెట్టి, మూత వేసి, రోజంతా తిత్తులు ఊది కరిగించేవారట. తర్వాత ఆ ముద్దని మళ్ళీ మళ్ళీ నిదానంగా కాల్చి చల్లార్చి, సుత్తి దెబ్బకి పగలకుండా మెత్తబరిచేవారట. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు దగ్గర కూర్చుని తూకాలు చూసుకుంటున్నాడట. తమ దేశంలో ఇలా చెయ్యడానికి ప్రయత్నించి కుదరక ఇంత దూరం వస్తున్నామని వాయ్సీకి చెప్పారట.

కుదరకపోవడానికి కారణం చాలా కాలం ఎవరికీ తెలియలేదు. 1990లలో జాన్ వెర్‌హోవెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి కలిసి పనిచేశారు. ఖనిజంలో వెనేడియంలాంటి ధాతువులు అతి కొద్దిగా ఉంటేనే ఆ అలల గీతలు వస్తాయని తేల్చారు. ఒక శాస్త్రవేత్తా ఒక కమ్మరీ పేర్లు ఒకే వ్యాసం మీద పక్కపక్కన ఉండటం నాకు చాలా నచ్చింది. 2010లో బెంగళూరు నియాస్, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఉత్తర తెలంగాణ పల్లెలన్నీ తిరిగి పాత కొలుముల ఆనవాళ్ళు, చిట్టెపు కుప్పలు లెక్కగట్టారు.

ఆటల దగ్గరికి మళ్ళీ వద్దాం. ఖనిజం ఖనిజానికీ తేడా ఉంటుందన్న ఈ సంగతిని పట్టుకున్న ఆట ఒకటుంది. అది మాయలోకం కాదు, అంతరిక్షం. 2003లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్. అదీ ఆస్టిన్‌లోనే తయారైంది. అల్టిమా ఆన్‌లైన్‌కి పనిచేసిన రాఫ్ కోస్టరే దీనికీ రూపకర్త. అందులో ఒక్కో చోట దొరికే లోహానికి సాగే గుణం ఇంత, గట్టిదనం ఇంత అని వేరువేరు అంకెలుండేవి. కొన్నాళ్ళకి ఆ నిల్వ అయిపోయేది, అలాంటిది మళ్ళీ దొరకదు. మంచి లోహం దాచుకున్నవాడే మంచి పనివాడు. 2011 డిసెంబరులో ఆ ఆట మూతపడింది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో కమ్మరి పని అంటే మీట నొక్కితే ఒక గీత నిండటం, అంతే. అదే కోట్లమందికి చేరింది. మా వాడి "క్లిక్ చేస్తే అవుతుంది" ఆ దారిలోంచి వచ్చిందే.

ఇక నా సంగతి. 2005లో నేను హైదరాబాదులో ఇంటర్ చదువుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నెట్ సెంటర్ ఉండేది, గంటకి పదిహేను రూపాయలు. అక్కడి కంప్యూటర్లలో ఏ ఆటా ఎక్కించనిచ్చేవారు కాదు. కానీ రూన్‌స్కేప్ అనే ఆట బ్రౌజర్లోనే నడిచేది. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో చదువుకున్న ఆండ్రూ గవర్ అనే కుర్రాడు అన్నదమ్ములతో కలిసి 2001లో పెట్టిన ఆట. ఇంట్లో ట్యూషన్ అని చెప్పి అక్కడికెళ్ళేవాణ్ణి. (అమ్మా, వింటుంటే క్షమించు.)

ఆ ఆటలో రాగి, తగరం కలిపితే కంచు. అది మొదటి మెట్టు. పదిహేనో మెట్టులో ఇనుము. ఇనుప ఖనిజం కొలిమిలో వేస్తే సగం సార్లు మట్టి ఎక్కువై పాడయ్యేది. ముప్ఫయ్యో మెట్టులో ఉక్కు, ఒక ఇనుముకి రెండు బొగ్గులు. తర్వాత మిథ్రిల్‌కి నాలుగు బొగ్గులు, అడమంటైట్‌కి ఆరు, రూనైట్‌కి ఎనిమిది. మిథ్రిల్ అనేది టోల్కీన్ కల్పించిన లోహం. తర్వాత వచ్చిన సగం ఆటలు దాన్ని అప్పు తెచ్చుకున్నాయి. అన్నిటికన్నా పై కవచం చెయ్యాలంటే తొంభై తొమ్మిదో మెట్టు. దానికి కావలసిన అనుభవం కోటీ ముప్ఫై లక్షల పైచిలుకు. తొంభై రెండో మెట్టుకి వచ్చినవాడు సగం దారిలో ఉన్నట్టు. అది ఎక్కి చేసిన కవచాన్ని వేసుకోవడానికి మాత్రం రక్షణలో నలభయ్యో మెట్టు చాలు! చేసేవాడికి పడిన శ్రమ ఎంతో, వేసుకునేవాడికి అంత తేలిక. ఆ లెక్క సరి చెయ్యడానికి వాళ్ళకి 2019 దాకా పట్టింది.

నాకు డెబ్భై వచ్చింది, మా వాడికిప్పుడున్నంతే. నెట్ సెంటర్లో కుర్రాళ్ళందరిలో నేనే పెద్ద కమ్మరిని. "నాకో కత్తి చెయ్యరా" అని అడిగేవాళ్ళు. ఎంత గొప్పగా ఉండేదో!

అదే ఏడాది కాలేజీలో ఒక స్నేహితుడు "మీ తాత ఏం చేస్తాడురా?" అని అడిగాడు. "వ్యవసాయం" అని చెప్పాను.

మా తాత కమ్మరి. నిజామాబాద్ జిల్లాలోనే, కోనసముద్రానికి మరీ దూరం కాని ఊరు. మా నాన్న ఆ పని వద్దనుకుని బాలానగర్‌లో వెల్డింగ్ షాపులో చేరాడు. తాత మాత్రం చివరిదాకా కొలిమి వదల్లేదు. రోహిణి కార్తె వచ్చిందంటే రైతులు నాగలి కర్రులు పట్టుకుని బారులు తీరేవారు. మిరుగు చినుకు పడేలోపు అందరి కర్రులూ కాల్చి సాగగొట్టి ఇవ్వాలి. డబ్బులు అప్పటికప్పుడు ఉండేవి కావు, పంటలొచ్చాక కల్లం దగ్గర వడ్లు కొలిచేవారు. కొడవళ్ళు, గొడ్డళ్ళు, బండి చక్రాల పట్టాలు, అన్నీ ఎవరికో కావలసి చేసినవే. ఎవరికీ అక్కర్లేని బాకు ఒక్కటి కూడా ఆయన జన్మలో చేసి ఉండడు. చేసినదాని మీద పేరు వేసుకున్నదీ లేదు. గొడ్డలి చూస్తే ఊళ్ళోవాళ్ళకి తెలిసిపోయేది ఎవరి చేతిదో.

నేను వేసవిలో ఊరికెళ్తే తిత్తి తిప్పమనేవాడు. అప్పటికి తోలు తిత్తి పోయి, చేత్తో తిప్పే ఇనుప పంకా వచ్చింది. నేను పది నిమిషాలు తిప్పి, మసి అంటిందని లేచిపోయేవాణ్ణి. ఒకసారి అడిగాడు, "ఏందిరా, పట్నంల కంప్యూటర్ మీద ఏదో ఆట ఆడుతున్నవంట?" అని. అందులో నేనూ కమ్మరినేనని చెప్పాను. ఆయన నవ్వలేదు. "మరి పదును ఎట్ల వెడ్తవు?" అని అడిగాడు. ఆటలో పదును పెట్టడం లేదు తాతా అన్నాను. "పదును లేనిది కత్తి ఎట్లయితది బిడ్డా" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

ఆయన అన్నది ఎంత నిజమో చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. కాల్చిన ఉక్కు అంచుని నీళ్ళలో ముంచి తీస్తే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. వెనక భాగంలో ఇంకా వేడి ఉంటుంది. అంచుని రాతి మీద రుద్ది మెరిసేలా చేస్తే, ఆ వెనక వేడి మెల్లగా ముందుకి పాకుతూ రంగులు తెస్తుంది. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. కత్తికి ఒక రంగు దగ్గర ఆపాలి, గొడ్డలికి ఇంకో రంగు దగ్గర. క్షణం అటూ ఇటూ అయితే విరుగుతుంది, లేదా వంగుతుంది. థర్మామీటరు లేదు, గడియారం లేదు. కొలిమి కొట్టం చీకటిగా ఉండేది అందుకే, రంగు కనబడాలని. నేనేమో వాళ్ళకి కరెంటు లైటు పెట్టించుకునే స్తోమత లేదనుకునేవాణ్ణి.

ఈమధ్య ఆటలు కొంచెం కొంచెంగా ఆ చీకటి కొట్టం వైపు నడుస్తున్నాయి. 2019 జనవరిలో రూన్‌స్కేప్‌లో మార్పులు చేసినప్పుడు కొత్తగా వేడి అన్న లెక్క పెట్టారు. దాగలి మీద కొడుతుంటే వస్తువు చల్లారుతుంది, పని నెమ్మదిస్తుంది, మళ్ళీ కొలిమిలో పెట్టాలి. దాని పాతరూపంగా నడుస్తున్న ఆటలో 2022లో ఒక పెద్ద రాక్షసుడి కొలిమి పెట్టారు. అక్కడ రెండు లోహాలు కలిపి పోస్తే ఒకే లోహంతో చేసినదానికన్నా మంచి కత్తి వస్తుంది. అది చూసి నాకు కోనసముద్రం రెండు ఇనుములు గుర్తొచ్చాయి. 2025 ఫిబ్రవరిలో వచ్చిన కింగ్‌డమ్ కమ్ రెండో భాగంలో అయితే కథానాయకుడే కమ్మరి కొడుకు. 1403 నాటి బొహీమియా. తిత్తి నువ్వే ఊదాలి, ఎక్కడ ఎర్రగా ఉందో చూసుకుని అక్కడే కొట్టాలి, తిప్పి రెండో వైపు కొట్టాలి. చేసినవాళ్ళు ప్రాగ్ నగరం వాళ్ళు, వాళ్ళ నేల కథ వాళ్ళు చెప్పుకున్నారు. అది పెద్దవాళ్ళ ఆట, పిల్లలకి ఇవ్వకండి. నేను మాత్రం రాత్రి అందరూ పడుకున్నాక ఆ కొలిమి ఒక్కటే ఆడాను.

మా తాత 2011లో పోయాడు. నేనప్పుడు ఇక్కడ ఎం.ఎస్. చదువుతున్నాను, వెళ్ళలేకపోయాను. కొట్టం పడిపోయింది. దాగలి ఎవరో పాత ఇనుముకి వేసేశారు. పట్టుకారు, సుత్తి మిగిలాయి. పోయినసారి వెళ్ళినప్పుడు సుత్తి చెకిన్ సామానులో తెచ్చాను. ఇక్కడి ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిచి ఇదేమిటని అడిగితే "మా తాతది" అన్నాను. అతను ఇంకేమీ అడగలేదు.

ఆ సుత్తి చూసే మా వాడు అడిగాడు, "మనం నిజంగా బ్లాక్‌స్మిత్సా నాన్నా? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని. వాడి మొహం చూడాలి, రాజవంశం అని తెలిసినట్టుంది. స్నేహితులందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. తర్వాత వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టాడు. తిత్తిని ఏమంటారు, దాగలి ఎంత బరువు, రంగులకి పేర్లున్నాయా. మొదటివాటికి చెప్పగలిగాను. చివరిదానికి చెప్పలేకపోయాను. కొడవలి అంచు సరైన రంగుకి వచ్చినప్పుడు తాత ఒక మాట అనేవాడు. రెండక్షరాలో మూడక్షరాలో. నాకు గొంతు గుర్తుంది, మాట గుర్తు లేదు. నాన్ననడిగితే ఆయనకీ గుర్తు లేదన్నాడు.

మీలో ఎవరింట్లోనైనా కొలిమి పని తెలిసిన పెద్దవాళ్ళుంటే, వేసవికి ఇక్కడికొచ్చిన తాతగారో, ఊళ్ళో ఉన్న పెదనాన్నగారో, ఒక్కసారి అడిగి చూడండి, పదును పెట్టేటప్పుడు ఆ ఎండుగడ్డి రంగుని వాళ్ళు ఏమంటారో. ఏ ఊరి మాటైనా సరే, ఊరి పేరుతో సహా చెప్పండి. పన్నెండింటి దాకా స్టూడియోలోనే ఉంటాను, ఫోన్ నేనే ఎత్తుతాను.